పాకానికి జ్వరం చూసిన రోజు

మా మియాపూర్ ఫ్లాటులో బెల్లం కరుగుతున్న వాసన లేస్తే చాలు, నాకు లింగంపల్లి పెంకుటిల్లు గుర్తొస్తుంది. ఈసారి సద్దుల బతుకమ్మకు నువ్వుల ముద్దలు నేనే చేద్దామని, పాకం చూసే థర్మామీటర్ కోసం ఫోనులో తెగ వెతికాను. కరోనా రోజుల్లో గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన తుపాకీ లాంటిది కనబడింది గానీ, అది పైపై వేడే చెబుతుందట. చివరికి మరిగే పాకంలోకైనా, ఉడికే ఆలుగడ్డ నడుమకైనా దిగే స్టీలు పుల్ల ఉన్నది, మూడు వందల డిగ్రీల దాకా చూపేది తెప్పించాను. ఇంత జాగ్రత్తగా ఎంచుకోవడానికి కారణం మా నాన్న.

చిన్నప్పుడు బతుకమ్మ వస్తోందంటే ఇల్లంతా సందడే. వానలు వెలిసిన ఎండలో చాపల మీద ఆరే నువ్వులు, మూకుడులో వాటి చిటపటలు, గుప్పిళ్ళతో కాజేసే మేము, తంగేడు పూల పుప్పొడి అంటిన చేతులతోనే అత్తలు నోట్లో పెట్టే రొట్టె, బెల్లం నలిపిన మలీద. పాకం ముందు పీట మాత్రం నానమ్మది, ఇంకెవరూ కూర్చోవడానికి వీల్లేదు. అయితే కళ్ళకు పొరలు కమ్మి, ఒక ఏడు పాకం లేతగా దించేసింది. ముద్దలు చేతిలోనే జారిపోయాయి. మరుసటి ఏడు ముద్దలు దుకాణంలో కొందామని అత్తలు గుసగుసలాడుతుంటే, విననట్టు గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ పీట పోతే నానమ్మ ఏమైపోతుందోనని నాకు ఒకటే దిగులు.

నాన్నకూ అదే దిగులు కాబోలు. నానమ్మ పాకం పొయ్యి మీద పెట్టగానే, అల్మారాలోంచి జ్వరం చూసే థర్మామీటర్ తెచ్చి, గంభీరంగా రెండుసార్లు విదిలించి పాకంలో ముంచాడు.

"ఏందిరా, బెల్లానికి జరం గిట్ల వచ్చిందా?" అంది నానమ్మ.

మనిషి ఒంటి వేడికి చేసిన ఆ సన్న గొట్టం పాకం వేడికి ఎక్కడ ఆగుతుంది? టప్పున పగిలింది. పాదరసం కలిసిన పాకమంతా పారబోయాల్సి వచ్చింది. నాన్న మొహం చూసి అత్తలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నానమ్మ అయితే పడీపడీ నవ్వి, వేరే గిన్నెలో కొత్త బెల్లం పెట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీళ్ళల్ల చుక్కెయ్యి బిడ్డా. గట్టిపడ్డంక తీసి గిన్నెకు కొట్టు. నా చెవులైతే మంచిగనే ఉన్నయి గద."

రేడియో కట్టేశారు. మొదటిసారి కొడితే చప్పుడే లేదు. "జర ఆగుండ్రి," అంది నానమ్మ. ఇంకోసారి కొడితే ఏదో మెత్తగా వినబడింది. ఆ తర్వాత, ఠంగ్!

"దించుండ్రి!" అని నానమ్మ వీధికి వినబడేలా అరిచింది. ఆ ఏటి ముద్దలంత గుండ్రని ముద్దలు నేను మళ్ళీ చూడలేదు. దుకాణం మాట అక్కడితో పోయింది, పీట నానమ్మకే ఉండిపోయింది.

ఇప్పుడా పెంకుటింటి చోట అపార్ట్‌మెంటు లేచింది, బతుకమ్మ ఆడిన జాగాలో కార్లు ఆగుతున్నాయి, నానమ్మ లేదు. నిన్న మా అమ్మాయి స్టీలు పుల్ల పట్టుకుని "అమ్మా, వచ్చేసింది, ఆపేయ్" అంది. అంకె సరిగ్గానే ఉంది. అయినా చిమ్నీ ఆపి, నీళ్ళగిన్నె అమ్మాయి ముందుకు జరిపాను. చుక్క వేసి, తీసి, కొట్టింది. ఠంగ్‌మంది.

"దించుండ్రి!" అని అరిచాను, వంటింట్లో మేమిద్దరమే ఉన్నా.