అంటెన్నా పట్టుకున్న అన్న

నా తరం మిత్రులకు ఇందుమూలముగా తెలియజేయునది: లాల్‌దర్వాజాలోని మా డాబా మీది వంగిన అంటెన్నాను నిన్న పాత సామాను భాయ్‌కి అప్పగించడమైనది.

చెక్క షట్టరు టీవీ, దాని మీద అమ్మ కుట్టిన పూల గుడ్డ, ఆదివారం ఉదయం ప్రభుత్వ ఛానల్‌లో విదేశీ అంతరిక్ష సీరియల్, మీకూ గుర్తుండే ఉంటాయి. మా ఇంట్లో ఆ నౌక కనిపించాలంటే మా అన్న ఎండలో అంటెన్నా గొట్టం పట్టుకొని నిలబడాలి. వదిలితే తెర నిండా చుక్కలే. కావున కథ ఆయనకు కిటికీలోంచి నివేదించబడేది.

“ఏమైందిరా?”

“నౌకకు మంటలంటుకున్నయి అన్నా! చెయ్యి తియ్యకు!”

“నన్నెప్పుడు చూడనిస్తవ్‌రా?”

“వచ్చే వారం నేను పట్టుకుంట, పక్కా!”

ఈ హామీ ప్రతి వారం పునరుద్ధరించబడింది. చివరకు సీరియలే అయిపోయింది.

నిన్న అంటెన్నా వెళ్లిపోయాక, ఆ సీరియల్ ఫోన్‌లో దొరికింది. ఒక్క చుక్క లేదు, బొమ్మ అద్దంలా ఉంది. అన్న పక్కన కూర్చొని పెట్టాను. షుగరు వల్ల ఆయనకు రెండు కళ్లూ పోయి రెండేళ్లయింది.

సంగీతం మొదలవగానే ఆయన చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

“ఏమైందిరా?”

“నౌకకు మంటలంటుకున్నయి అన్నా.”