అడవి సంగతి డాక్టరుకు చెప్పలేదు

ఆ శుక్రవారం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయారు. ఇష్టమని వంజరం చేప వేపుడు చేస్తే ఎంగిలి కూడా పడలేదు. "తల పగిలిపోతోంది, లైటు ఆపెయ్" అన్నారు. హాడో రేవులో క్రేన్ నడిపే మనిషి, ఎండకీ వానకీ జడిసే రకం కాదు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది.

దీనికి పది రోజుల ముందు, మా దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో ఉండే మా తమ్ముడు ప్రకాష్ ఆయన్ని వేటకు తీసుకెళ్ళాడు. "అక్కా, ఏటీ అవదు. బావని రెండ్రోజులు అలా కొండమీదకి తిప్పి తెస్తాను, బస్, అంతే" అన్నాడు. మా ఆయనకు సముద్రం తెలుసు గాని కొండ తెలియదు. దారి తప్పి, వానలో తడిసి, వాగు పక్కన ఆకులు పరుచుకుని రెండు రాత్రులు పడుకున్నారట. చివరికి ఒక జింక దొరికింది. మా వాటా మాంసం ఇంటికి తెచ్చారు. వద్దన్నానా? లేదు. రెండుసార్లు వండాను కూడా. వేట నేరమని మా ఇద్దరికీ తెలుసు.

మూడో రోజు క్లినిక్‌లో "వైరల్ ఫీవర్" అని పారాసిటమాల్ ఇచ్చారు. బిళ్ళ వేస్తే జ్వరం దిగడం, నాలుగు గంటలకు మళ్ళీ నూటమూడు. ఐదో రోజు పెద్దాసుపత్రిలో చేర్పించాం. బయలుదేరే ముందు ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"అడవి మాట ఎత్తకు. ఉద్యోగం పోతుంది, క్వార్టర్ కూడా పోతుంది."

మనిషి జ్వరంతో మూలుగుతుంటే నేనేం చేశానో తెలుసా? మిగిలిన మాంసం పేపర్లో చుట్టి పారేసి, ఫ్రిజ్ కడిగాను. ఇప్పటికీ ఆ ఫ్రిజ్ తలుపు తీస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మలేరియా నెగెటివ్. డెంగ్యూ నెగెటివ్. టైఫాయిడ్ నెగెటివ్. ప్లేట్‌లెట్స్ మాత్రం రోజురోజుకీ పడిపోతున్నాయి. సెలైన్, ఇంజెక్షన్లు, మళ్ళీ రక్తం, మళ్ళీ రిపోర్టు. ప్రతి రిపోర్టు నేనే పరిగెత్తి తెచ్చేదాన్ని, ప్రతిదాంట్లోనూ ఏమీ లేదనే ఉండేది. "దీదీ, సబర్ కరో" అనేది నర్సు. ఎంతకని ఓపిక పట్టను?

డాక్టరమ్మ ఓపికగా అడిగింది. "జంగిల్ గయే థే క్యా? అడవి, కొండలు, పొలాలు, ఎక్కడికైనా?"

"నహీ మేడమ్. డిగ్లీపూర్‌లో మా తమ్ముడింటికి వెళ్ళారు, అంతే" అన్నాను. మంచం మీంచి మా ఆయన నన్నే చూస్తున్నారు.

ఆ ఆదివారం మా చర్చివాళ్ళు వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. వాళ్ళు వెళ్ళాక బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని ఏడ్చాను. జింక, మాంసం, ఫ్రిజ్, అన్నీ దేవుడికి పూసగుచ్చినట్టు చెప్పుకుని క్షమించమన్నాను. బయటికొచ్చేసరికి డాక్టరమ్మ రౌండ్స్‌లో ఉంది. మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. మళ్ళీ లేదనే చెప్పాను!

సోమవారం ఆయనకు ఊపిరి అందలేదు. ఆక్సిజన్ పెట్టారు. "లంగ్స్‌లో నీరు చేరుతోంది, కిడ్నీ మీద కూడా లోడ్ పడుతోంది. ఐసీయూకి షిఫ్ట్ చేస్తున్నాం. ఏం మిస్ అవుతున్నానో నాకే తెలియడం లేదమ్మా" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో విసుగు చూస్తే నాకు సిగ్గేసింది. ఆమె వెతుకుతున్నది నా నోట్లో ఉంది.

ఐసీయూ గౌను తొడగడానికి నర్సూ నేనూ కలిసి ఆయన బట్టలు మార్చాం. నడుము కింద, లోదుస్తుల పట్టీ నొక్కుకునే చోట, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు. అన్ని రోజులూ నన్ను ముట్టుకోనీయలేదు ఈ మనిషి. "జలగ కరిచిందిలే, గొడవ చెయ్యకు" అని గొణిగారు.

అంతే, నాకు తిక్క రేగింది. "ఉద్యోగం గంగలో కలవనీ! మీరు పోతే ఆ క్వార్టర్‌లో నేనేం చేసుకోను?" అని అరిచి, చెప్పులు లేకుండానే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. వేటతో సహా అంతా చెప్పేశాను.

ఆమె వచ్చి పొక్కు చూసింది. "ఈ నల్ల పొక్కుని ఎస్కార్ అంటారు. ఇది స్క్రబ్ టైఫస్. ఆకుల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వస్తుంది" అని, నా వైపు తిరిగింది. "నేను ఫారెస్ట్ ఆఫీసర్‌ని కాదమ్మా. మొదటి రోజే చెప్పి ఉంటే ఐసీయూ దాకా వచ్చేదే కాదేమో."

వెంటనే డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టారు. రెండో రోజుకి జ్వరం దిగింది. పదకొండు రోజులు మమ్మల్ని తిప్పలు పెట్టిన జ్వరం! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తర్వాత టెస్టులో కూడా అదే తేలింది.

ఇప్పటికి ఐదు నెలలైంది. ఆయన తింటున్నారు, నడుస్తున్నారు. ఆ జ్వరం దెబ్బకి ఎడమ చెవి మాత్రం ఇంకా సరిగ్గా వినపడదు, ఒకటే హోరు. కింద నుంచి వేసే విజిల్ వినపడని మనిషికి క్రేన్ ఎవరిస్తారు? స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. ఏ సీటు కోసం ఇద్దరం నోరు మూసుకున్నామో అదే పోయింది. మొన్న ప్రకాష్ ఫోన్ చేసి, "బావకి బాగుంది కదక్కా, ఈసారి..." అన్నాడు. "ఈసారి అన్నావంటే చీపురు తిరగేస్తాను!" అని పెట్టేశాను.

మీకు చెప్పేది ఒక్కటే. జ్వరమొస్తే ఎక్కడ తిరిగారో, ఎక్కడ పడుకున్నారో, తప్పుడు పని మీద వెళ్ళినా సరే, డాక్టరు అడగకముందే చెప్పేయండి. నేను బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని దేవుడికి అంతా చెప్పుకున్నాను. దేవుడికి ముందే తెలుసు. తెలియనిది డాక్టరమ్మకే.