బెంగాలీ పుస్తకాల వెనుక

నా మాట వినే తీరిక ఇన్నేళ్లలో ఎవరికీ దొరకలేదు. మా ఆవిడ వినలేదు. పిల్లలు "ఛోడియే నా పాపా", వదిలేయండి నాన్నా, అని ఫోన్లలో తల దూర్చారు. అసలు ఎవరికి చెప్పాలో ఆ లక్ష్మణరావు కూడా, నేను మొదలుపెట్టగానే "అయన్నీ ఇప్పుడెందుకురా" అని లేచిపోతాడు. ఈ బరువు ఎక్కడ దించుకోను? అందుకే రాస్తున్నాను, మీరైనా వినండి.

మన ఊళ్లకి దూరంగా, బర్మామైన్స్ రైల్వే కాలనీలో వాడిదీ నాదీ పక్కపక్క ఇళ్లు. ఇద్దరం రైల్వేలో ఖలాసీలం. గుమాస్తా పోస్టుకి ఇంటర్వ్యూ పెడతారనగానే ఇంగ్లీషు మీద పడ్డాం. కాలనీ లైబ్రరీలో కష్టమైన ఇంగ్లీషు మాటల పుస్తకం ఒక్కటే ఉండేది. ఇంటికిచ్చేవారు కాదు. డ్యూటీ దిగి వచ్చి, చేతుల నూనె వాసనైనా పోకముందే, ఇద్దరం దాని మీదే వంగి చదివేవాళ్లం. నేర్చిన మాటని మర్నాడంతా వాడి తీరాలని మా నియమం. ఓసారి లక్ష్మణరావు టీ కొట్టతనితో "భయ్యా, ఆప్‌కా చాయ్ బహుత్ మీడియోకర్ హై" అన్నాడు. నాసిరకం అన్నదాన్ని అతను మెప్పనుకుని ఇంకో చెంచా పంచదార వేశాడు. దారంతా సైకిళ్లు నడిపించుకుంటూ నవ్వాం. అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడైనా ఏమైనా నేర్చుకున్నానా?

ఆ కొట్టు దగ్గరే ఒకరోజు, అందరి ముందూ, 'మాగ్నానిమస్' అనబోయి తడబడ్డాను.

"ఏటిరా, మాటాడతన్నావా, ఇంజను స్టార్టు సేత్తన్నావా?" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. వాడు మర్చిపోయి ఉంటాడు. నేను మర్చిపోలేదు. పెద్ద మనసు గలవాడు అని దానికి అర్థం. అర్థం నాకు బాగానే తెలుసు.

ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం, వాడు చదివి బల్ల మీద పెట్టి వెళ్లిన పుస్తకాన్ని, ఎవరూ ముట్టని బెంగాలీ పుస్తకాల వెనుక దాచాను. కొన్నాళ్లు వాడికి దొరక్కపోతే చాలనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? ఆఖరున చదివింది వాడే కాబట్టి లైబ్రరీ బాబు వాణ్ణే దొంగన్నాడు. మళ్లీ గుమ్మం తొక్కొద్దన్నాడు. వాడు తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"నువ్వైనా సెప్పురా. నాను దొంగనా?"

"నాకేటి తెలుసు?"

ఆ రెండు మాటలకి నేను ఏ పుస్తకమూ చదవనక్కర్లేకపోయింది.

వాడు ఇంటర్వ్యూకి రాలేదు. దొంగన్నవాళ్ల మధ్య నిలబడి ఇంగ్లీషు మాట్లాడలేనన్నాడు. నేను వెళ్లాను. గుమాస్తానయ్యాను, ఆ కుర్చీలోనే రిటైరయ్యాను. వాడు ఖలాసీగానే దిగిపోయాడు. ఎప్పుడో అల్మారాలు జరిపినప్పుడు పుస్తకం బయటపడింది. పిలిచి ఆ సంగతి వాడికి చెప్పినవాళ్లు లేరు. నేనూ చెప్పలేదు.

దాచింది నేనే. ఇదిగో, రాసేశాను. గుండె కాస్త తేలికపడింది, అంతకుమించి ఏమీ జరగలేదు. క్షమించమని అడగను. అడిగే మొహం నాకు లేదు, అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేయడం మంచి పని అని ఒప్పుకునే మనసూ లేదు.

కానీ లక్ష్మణరావూ, నీకు ముందే తెలుసా? నేను మొదలుపెట్టగానే లేచిపోయేది అందుకేనా? తెలిసే ఇన్నేళ్లూ నాతో కలిసి తిరిగావా? తిట్టు, కొట్టు, ఏదైనా అను. నాకు జవాబు కావాలి.