నీళ్లు రాని కాలువలో బాప్తిస్మం

అమ్మ పోయిన ఏడాదికి నాన్న బాప్తిస్మం తీసుకుంటానన్నారు. ఆ ఒక్క మాట కోసం అమ్మ ముప్పై ఏళ్లు ప్రార్థించింది, ఉపవాసాలు చేసింది, అలిగింది కూడా. ఆయన మాత్రం ఆదివారం మమ్మల్ని చర్చి గేటు దాకా దింపి, బయట పేపరు చదువుకునేవారు. అమ్మ వెళ్లిపోయాక నాకు ప్రార్థన నోటికి రావడం మానేసింది. వినేవాడుంటే ముప్పై ఏళ్లు చాలలేదా అని కోపం. సరిగ్గా అప్పుడే నాన్న, "మీ అమ్మ తీసుకున్న చోటే తీసుకుంటాను, ఆ ఊరి కాలువలోనే" అన్నారు. అలా బయల్దేరాం ఇద్దరం, రెండువేలు దాటిన కొత్తలో, ఒక జూన్ నెలలో.

డెల్టా సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. వేసవిలో గోదావరి కాలువలకి నీళ్లు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. అమ్మ పుట్టిన ఊరు నరసాపురం అవతల, కాలువ చివర్న ఉంటుంది. నీళ్లొచ్చేదాకా అక్కడ బాప్తిస్మాలు ఆగుతాయి. నీళ్లు వదిలారన్న వార్త పేపర్లో చూసి, ఏటా వేసే లెక్కే వేసి, అక్కడి పాస్టరుగారు శుక్రవారం రమ్మని కబురు పెట్టారు.

రాజమండ్రి కాంప్లెక్సులో పొద్దున్నే ఆరింటి బస్సెక్కాం. రావులపాలెం, సిద్ధాంతం, మార్టేరు మీదుగా పాలకొల్లుకి రెండున్నర గంటలు. నాన్న రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి. బస్సు ఎక్కడ ఆగినా వాచీ చూసుకుని "ఆలస్యం అమృతం విషం" అనడం ఆయనకి అలవాటు. మార్టేరు దగ్గర కాలువలో నీళ్లు ఒడ్డు ఒరుసుకుంటూ పారుతున్నాయి, గేదెలు దిగి ఉన్నాయి. పాలకొల్లు దాటాక నీళ్లు అడుగున సన్నగా కనబడ్డాయి. నరసాపురంలో బస్సు దిగి ఆటో ఎక్కేసరికి అసలు నీళ్లే లేవు.

ఆటో అతను ఎనభై రూపాయలు అడిగి, "బాప్తిస్మాలకాండీ? నీళ్లు రాలేదండీ ఇంకా" అన్నాడు.

"వస్తాయయ్యా, పేపర్లో వేశారు" అన్నారు నాన్న.

"పేపర్లోకి వచ్చాయండి. కాలవలోకే రాలేదు."

పది దాటింది మేం చేరేసరికి. కాలువ అడుగున మట్టి బీటలు వారి ఉంది. ఒక పడవ పక్కకి ఒరిగిపోయి పడుంది. ఆ అడుగునే, ఎర్రటి ఎండలో, తెల్లబట్టల్లో మనుషులు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. ఎవరూ కదలడం లేదు. ఒడ్డున చెట్లున్నాయి, నీడ ఉంది, అయినా ఒక్కరూ అక్కడ లేరు. నాకు వెనక్కి వెళ్లిపోదామనిపించింది.

అప్పుడే పాట మొదలైంది. అమ్మ గొంతు. అచ్చంగా అమ్మదే, పై స్థాయికి వెళ్లినప్పుడు కాస్త జీరపోవడంతో సహా. నాన్న నా భుజం గట్టిగా పట్టుకుని, "ఎవరే అది?" అన్నారు. ఆ గొంతు రత్నం పిన్నిది, అమ్మ చెల్లెలు. ఆవిడ మాట అమ్మలా ఉండదు. పాడగా మేమెప్పుడూ వినలేదు.

పాస్టరుగారు ఎదురొచ్చి, "వందనాలండి. నీళ్లు పై లాకులు దాటాయంట. మధ్యాహ్నానికి వచ్చేస్తాయండి. అప్పటిదాకా వీళ్లు వరసలు కదలరండి, ఇక్కడి పద్ధతి" అన్నారు. మధ్యాహ్నం వచ్చింది గానీ నీళ్లు రాలేదు. ఒడ్డున కోడికూర వాసన. వంటావిడని అడిగితే, "బాప్తిస్మాలయ్యాకే విందండి, ఎప్పుడూ అంతే" అని టీ చేతిలో పెట్టింది. బాప్తిస్మం సంగతేమో గానీ నా కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి.

నాలుగింటికి నాన్న నన్ను పక్కకి పిలిచారు. "ఆఖరి బస్సు ఆరున్నరకి. అప్పటిదాకా చూస్తాను. నీళ్లు రాకపోతే దేవుడికి నేను అక్కర్లేదనే అర్థం. ఇంకెప్పుడూ అడగను."

"అలా దేవుడికి గడువు పెట్టకండి బావగారూ" అంది పక్కనే ఉన్న పిన్ని. ఆయన పట్టిన పట్టు వదిలే రకం కాదు. వెళ్లి మగవాళ్ల వరస చివర నిలబడ్డారు.

పొద్దు వాలుతుండగా గాలి పూర్తిగా ఆగిపోయింది. పొద్దుటి నుంచీ కాలువలో పడుకున్న కుక్కలు లేచి, ఒక్కటీ మొరగకుండా, ఒడ్డెక్కి వెళ్లిపోయాయి. తర్వాత బీటల్లోంచి ఎండ్రకాయలు బయటికొచ్చాయి. ఒక జెర్రిపోతు ఆడవాళ్ల కాళ్ల ముందు నుంచే జరజరా పాకి పైకి పోయింది. నేను కెవ్వుమన్నాను, వాళ్లెవరూ కదల్లేదు. దూరంగా ఎవరో తాటిమట్టని నేల మీద ఈడ్చుకొస్తున్నట్టు చప్పుడు. పిన్ని పాట ఆపేసింది.

నీళ్లు నల్లగా, చెత్తని తోసుకుంటూ వచ్చాయి. ముందు బీటల్లోకి దిగాయి. నేల అంతా బుసబుసమంటూ బుడగలు వేసింది. నీళ్లు నాన్న కాళ్ల దాకా వచ్చి, చీలమండలు ముంచి, అక్కడే నిలిచిపోయాయి.

పాస్టరుగారు వంగి చెయ్యి పెట్టి చూసి, "చాలవండీ. ముంచాలి కదా. రేపటికి పెరుగుతాయేమో" అన్నారు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. నాన్న అటు చూశారు. వెళ్లిపోతారనే అనుకున్నాను, నా బ్యాగు కూడా తీసుకున్నాను.

"రాత్రికి ఎక్కడ పడుకోమంటారండీ?" అని అడిగారు పాస్టరుగారిని.

పిన్ని భోరుమంది. నాకూ ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఈ మాట వినాల్సిన మనిషి వినలేదు. ఆ కోపంలోనే, ఏడాది తర్వాత, నా నోట ప్రార్థన వచ్చింది. "ఇంకాస్త నీళ్లు, ప్రభువా" అన్నాను. అంతకంటే ఏం అడగాలో తెలియలేదు.

తెల్లారేసరికి నీళ్లు నడుము దాకా ఉన్నాయి. ముంచి లేపగానే నాన్న కళ్లు తుడుచుకోకుండా ఆడవాళ్ల వరస కేసి తిరిగి, ఒక్కొక్క ముఖమే వెతికారు. పిన్ని పాట అందుకుంది. అది అయిపోయేదాకా ఆయన కళ్లు మూసుకుని నీళ్లలోనే నిలబడ్డారు. మేమెవరమూ పిలవలేదు.

అమ్మ ప్రార్థనకి అది జవాబేనా అని నన్ను చాలామంది అడిగారు. జవాబొచ్చేసరికి అడిగిన మనిషి లేకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే ఉంది. ఆ మాట దేవుడితోనే చెబుతున్నాను, రోజూ, ప్రార్థనలో. ఇక మీరు వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. పేపర్లో వేసేది ఎగువన నీళ్లు వదిలే తేదీ మాత్రమే. శివారు ఊరికి ఎప్పుడొస్తాయన్నది నేల ఎంత ఎండిందో దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి రెండో జత బట్టలు పెట్టుకుని, ఒక రోజు ఎక్కువ చూసుకుని వెళ్లండి. మధ్యాహ్నానికి వచ్చేస్తాయని పాస్టరుగారు చెబితే నమ్మకండి. పాపం, ఆయనకీ తెలీదు.