కృష్ణగిరి బట్టల కొట్టులో వెడల్పాటి తలుపు

బెంగళూరు నుంచి వచ్చి, ఉదయం ఏడు దాటాక హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు ఎక్కాను. ఎక్కానని తేలిగ్గా రాస్తున్నాను గానీ, పోలియో వచ్చిన నా ఎడమ కాలికి ఆ మొదటి మెట్టు ఎప్పుడూ ఎత్తే. కండక్టర్ తొందరపెడుతుంటే ఒక పెద్దామె చెయ్యందించింది.

కొట్లు, ఆఫీసులు వికలాంగుల హక్కుల చట్టానికి తగినట్టు ఉన్నాయో లేదో చూసి, ఏం మార్చాలో చెప్పడం నా పని. కృష్ణగిరిలో ఒక బట్టల కొట్టు శెట్టిగారు పిలిచారు. చక్రాల కుర్చీలో తిరిగే నాగవేణి అనే అమ్మాయిని బిల్లింగ్‌లో పెట్టుకున్నారట, ర్యాంపు కట్టించారట. అంతా సరిగ్గా ఉందని రాసిస్తే చాలన్నారు.

పెద్దామె నా పక్కనే కూర్చుంది. "యాడికి పోతా ఉండావమ్మా?"

చెప్పాను.

"మా ఇంటాయనకు చక్కెర జబ్బుతో కాలు తీసేసినారు. పెండ్లికి రమ్మన్నా రాడు. యాడ చూసినా మెట్లే గదా," అంది.

ఆమె సూళగిరిలో దిగిపోయింది. అక్కడి నుంచి కిటికీలో నాకు మెట్లు తప్ప ఏమీ కనిపించలేదు.

బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, షేర్ ఆటోలో పదింటికి కొట్టు చేరాను. ర్యాంపు బాగుంది. వాలు సరిపోయింది, రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. శెట్టిగారి మొహం వెలిగింది. కౌంటర్ వెనక తాళం వేసిన వెడల్పాటి తలుపొకటి కనిపించింది. అడిగితే, "అది స్టోరమ్మా," అని ముందుకు నడిచారు.

మధ్యాహ్నం నాగవేణితో కూర్చుని తిన్నాను. పెరుగన్నం గట్టిగా కలుపుకుని తింటోంది. నీళ్ళ సీసా జరిపితే వద్దంది.

"పొద్దున్నుంచీ నీళ్ళు తాగనక్కా. తాగితే యాడికి పోయేది? బాత్రూం మిద్దెపైన ఉండాది." గొంతు తగ్గించింది. "శెట్టన్నకు చెప్పొద్దు. ఈ పని పోతే మళ్ళా ఎవరిస్తారు?"

నాకు కూర్చోబుద్ధి కాలేదు. వీధి చివరిదాకా వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. రాస్తే ఆ పిల్లకు ముప్పేమో. రాయకపోతే నేనెందుకు వచ్చినట్టు?

మూడింటికి శెట్టిగారితో ఆమె పేరెత్తకుండా చెప్పాను: "సిబ్బందికి కింద కూడా బాత్రూం ఉండాలండీ. లేకుండా కాగితం ఇవ్వలేను."

"జాగా యాడుందమ్మా? ఆ పిల్ల ఒకనాడన్నా అడిగిందా?"

బిల్లింగ్ మిషన్ చప్పుడు ఆగింది.

"అడిగితే పని పోతాదని భయమన్నా," అంది నాగవేణి. "ఈడ చేరినప్పటినుంచీ దినామూ ఇంటికి పోయేదాకా నీళ్ళు తాగను."

చీరలు చూపిస్తున్న ఆడవాళ్ళు కూడా ఆగిపోయారు. శెట్టిగారు తాళం వేసిన తలుపు వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "అది స్టోరు కాదమ్మా. చివర్లో మా నాయన చక్రాల కుర్చీలోనే ఉండె. ఆయన కోసం కట్టించిన బాత్రూం. ఆయన పోయినాక తెరవబుద్ధి కాలేదు," అన్నారు.

నేను బలవంతం చేయలేదు. గల్లాపెట్టె అడుగునుంచి తాళంచెవి ఆయనే తీశారు. తలుపు బిగుసుకుపోయింది, భుజంతో తోశారు. లోపల గోడకు కమ్మీలు, ఒక మూల ఆయన చేతికర్ర. కర్రను రెండు చేతులతో తీసుకుని పక్కకు వెళ్ళారు. పనివాళ్ళు నీళ్ళు పోసి కడిగారు. నాగవేణి కుర్చీ గడప మీద కొద్దిగా ఎగిరినా, పక్కలకు తగలకుండా లోపలికి వెళ్ళింది. గడియ పడింది. మేమంతా చీరల వైపు చూస్తూ నిలబడ్డాం.

గడప కొద్దిగా చెక్కించాలని, తాళం తీసేయాలని రాసిచ్చి, అయిదింటి బస్సు పట్టుకున్నాను. ఈ దారిలో వచ్చేవాళ్ళు ఆ వేళకు సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. ఫ్యాక్టరీల షిఫ్టు వదిలిన జనంతో హోసూరు దాకా నిలబడే వచ్చాను. పని జరిగిందన్న తృప్తి నిలవలేదు. దారిపొడుగునా వెలుగుతున్న కొట్లలో నోరు విప్పనివాళ్ళు ఎందరున్నారో అనిపించింది.

బెంగళూరు బస్సు కోసం చూస్తుండగా శెట్టిగారు ఫోన్ చేశారు.

"అమ్మా, గుడ్డలు వేసుకుని చూసుకునే రూములు మీరు చూడలేదే. కుర్చీ యాడ దూరుతాది? రేపు మేస్త్రీ వస్తాడు, కొలతలు చెప్పండి."

నిజమే, నేను చూడలేదు. బస్టాండు గోలలో ఒక చెవి మూసుకుని, నిలబడే కొలతలు చెప్పాను. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది.