బేస్‌మెంట్‌లో అట్టముక్కలు

డెబ్బైల చివర, మిషిగన్‌లో ఒక ఆంటీ ఆదివారాలు వాళ్ల బేస్‌మెంట్‌లో మాకు తెలుగు నేర్పేది. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు కత్తిరించి, ఆ అట్టముక్కల మీద మాటలు రాసేది. ‘భయం’ ముందుకి ‘నిర్’ ముక్కని వేలితో జరిపి, “చూశారా, భయం పోయింది!” అనేది.

ఒకసారి అంకుల్ మాకు డోనట్స్ తేవడానికి కార్లో వెళ్లగానే టోర్నడో సైరన్ మోగింది. కరెంటు పోయింది. మేం ఏడుపు మొదలుపెట్టాం. ఆంటీ ఫ్లాష్‌లైట్ వెలిగించి, “ఏం కాదర్రా. ‘గుణం’ ముందు ఏం పెడదాం?” అంది. “సు!” “దుర్!” అని పోటీపడి అరిచాం. గాలి హోరు పెరిగినకొద్దీ ఆవిడ ముక్కలు జరుపుతూనే ఉంది.

హోరు తగ్గాక మేం మెట్లెక్కబోయాం. ఆంటీ లేవలేదు. ఆవిడ వేలు ఇంకా ‘నిర్’ ముక్క మీదే ఉంది.

“అంకుల్ కార్ వచ్చిందేమో చూడమ్మా,” అంది నాతో.

పైకెళ్లి కిటికీలోంచి చూశాను. ఇంటి ముందు డ్రైవ్‌వే ఖాళీగా ఉంది. కిందికి దిగొచ్చి, ‘నిర్’ ముక్కని నేనే ‘భయం’ ముందుకి జరిపాను.