మేడ మీద నిలిచిపోయిన లారీ

పోయిన నెల మా ఇంట్లో ఒక వైరు కోశాను. ముప్పై ఏళ్లపాటు టీవీలు బాగుచేసి, ఇంటింటికీ కేబులు లాగి బతికినవాడివి, వైరు కోయడం నీకో వింతా అని నా ఈడువాళ్లు నవ్వొచ్చు. ముందు సంగతి వినండి.

తిరుపతిలో అలిపిరికి పోయే దోవలో మాది చిన్న మేడిల్లు. మేడ మీద మా అమ్మాయికి ఆటలాడే పెద్ద కంప్యూటరు ఉంది, ఉద్యోగమూ దాని మీదే. ఆ కంప్యూటరులో ఒక ఆట పెట్టుకుని మా ఆవిడ ఏడాదిగా సాయంత్రాలు లారీ నడుపుతోంది. గూడూరులో వాళ్ల నాయన నిమ్మకాయల లారీ తోలేవాడు. కొడుకులిద్దరికీ నేర్పాడు గాని, ఎంత బతిమాలినా ఆమెను మాత్రం స్టీరింగు ముట్టనివ్వలేదట. అరవై దాటాక ఆ ముచ్చట అలా తీర్చుకుంటూ ఉండగా మోకాలికి ఆపరేషన్ అయింది, మూడు నెలలు మెట్లెక్కకూడదన్నాడు డాక్టరు. నొప్పి గురించి ఒక్క మాట అనలేదు గాని, "నా లారీ సరుకుతో సహా దోవలో నిలబడుండాది" అని పొద్దున లేచినప్పటి నుంచీ అదే మాట. వినీ వినీ నా ప్రాణం ఉసూరుమంది.

కంప్యూటరు కిందికి దించితే అమ్మాయి ఉద్యోగం సాగదు. బొమ్మను హాల్లో టీవీకి తెస్తే చాలు కదా, నేనుండగా అదెంత పని అని మీసం దువ్వాను. అమ్మాయి పొడుగాటి వైరు తెప్పించింది, నేను మెట్ల పక్క గోడకు రంధ్రం వేశాను. వైరు చివరి పిన్ను ఆ రంధ్రంలో పట్టలేదు. మా వృత్తిలో దానికొకటే పద్ధతి: పిన్ను కోసేసి, వైరు దూర్చి, అవతల కొత్త పిన్ను బిగించడం. చేతికి అలవాటైన పని, ఆలోచించకుండా కోసేశాను. చూస్తే లోపల మా కాలం వైరులా ఒక రాగితీగ కాదు, తలవెంట్రుకల్లాంటివి గుత్తెడు ఉన్నాయి. అమ్మాయి తల పట్టుకుంది. "నాయనా, ఏం పని చేసినావు! అది కోసే వైరు కాదు." సోఫాలోంచి మా ఆవిడ అందుకుంది, "ముప్పై ఏండ్ల పనితనం ఇదేనా అబ్బా?"

ఆ వైరుముక్క చేతిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటే, చిత్తూరులో నేను లాగిన మొట్టమొదటి వైరు గుర్తొచ్చింది. అప్పుడు టీవీల అంగడిలో కొత్తగా పనికి చేరాను. ఆదివారాలు మా నాయన సినిమా చూడ్డానికి వీడియో డెక్కు అద్దెకు తెచ్చేవాడు, ముందుగదినిండా ఆయన స్నేహితులు కూర్చునేవారు, అమ్మ వంటింటి తలుపు చాటునుంచి మెడ సాచి చూసేది. అది చూడలేక, అంగడిలో మూలనపడ్డ పాత టీవీ ఒకటి బాగుచేసి తెచ్చి, డెక్కు నుంచి వంటింట్లోకి వైరు లాగాను. బొమ్మ పడగానే అమ్మ ముఖం చూడాలి! ఊరంతటికీ కరెంటు తెచ్చినవాడిలా తిరిగాను ఆరోజు. కానీ నాయనకు పాటలంటే చిరాకు, పాట రాగానే మీట నొక్కి ముందుకు తోసేవాడు. అమ్మకేమో పాటలే ప్రాణం. వంటింటి టీవీలో పాటలన్నీ గొంతులేకుండా, గీతలు గీతలుగా పరుగెత్తిపోయేవి. అమ్మ పప్పుగుత్తి పట్టుకుని వాటినే రెప్పవేయకుండా చూసేది. నేను బాధపడితే, "పోనీలే నాయనా, కనపడినంత సూస్తా" అనేది. బొమ్మ వంటింటిదాకా వచ్చింది గాని మీట ముందుగదిలోనే ఉండిపోయింది, ఆ సంగతి అప్పట్లో నా బుర్రకు తట్టనేలేదు.

ఇంతలో అమ్మాయి ఇంకో ఉపాయం చెప్పింది. కంప్యూటరు బొమ్మను మేడ మీది ఇంటర్నెట్టు పెట్టె గుండా, వైరు లేకుండానే టీవీకి పంపొచ్చట. పంపింది గాని, గాలిలో వచ్చే బొమ్మ అడుగడుక్కీ ఆగిపోయి, మా ఆవిడ లారీ రెండుసార్లు లోయలో పడింది. పెట్టెకూ టీవీకీ నెట్టు వైరు వేస్తే సరిపోతుంది అంటూ అమ్మాయి నా వంక అనుమానంగా చూసింది. ఆ వైరు మాత్రం నాకు బాగా తెలుసు. కేబులు పని చివరి రోజుల్లో వేల ఇళ్లకు వేశాను, అది కోయొచ్చు! అదే రంధ్రంలో దూర్చి, ఎనిమిది తీగలూ రంగుల వరసన పేర్చి, పిన్ను బిగించాను. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. ఒక్క దెబ్బకు బొమ్మ నిలబడింది, లారీ నడిపే చేతిమీట కూడా టీవీకే కలిసింది. కింద ఈమె మీట తిప్పితే మేడ మీద కంప్యూటరు బుద్ధిగా మాట వింటోంది.

ఇప్పుడు సాయంత్రాలు మా ఆవిడ కాలు దిండు మీద చాపుకుని, లారీలో పాటలు పెట్టుకుని, ఘాట్ రోడ్డు ఎక్కుతుంటుంది. నాకు వార్తల వేళవుతుంది. అడిగితే "రవ్వంత ఉండబ్బా, సరుకు దించేసి ఇస్తా" అంటుంది, కళ్లు టీవీ మీదినుంచి తిప్పకుండా. ఆమె పక్కనే కూర్చుని ఉంటాను. ఆ రోజుల్లో నాయన అమ్మ కోసం ఒక్క పాటకైనా ఆగి ఉండాల్సింది. ఆగమని నేను ఒక్కసారైనా అడగాల్సింది.